అప్‌డేట్ ఎప్పుడన్నా?

ఒకప్పుడు అభిమాన హీరో సినిమా నెల తిరక్కుండా వచ్చేది. ఇప్పుడు రెండు మూడేళ్లకొకటి వస్తోంది. ఆ మధ్యలో అభిమాని బతికేదంతా వార్తల మీదే. పోస్టరు, గ్లింప్స్, టీజరు, విడుదల తేదీ, వాయిదా, మళ్లీ కొత్త తేదీ... తెలుగునాట ఈ ఎదురుచూపు ఎలా మారింది? ఇంత ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండేవాళ్లకు మన పరిశ్రమ తిరిగి ఇస్తున్నదేమిటి?

2025 నవంబరు 15 సాయంత్రం. హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ రోజు అక్కడ సినిమా ఆడదు. పాటల పండగా కాదు. వేలమంది పాసులు సంపాదించుకుని, ఊళ్లు దాటి వచ్చింది ఒక పేరు వినడానికి. రాజమౌళి దర్శకత్వంలో మహేశ్‌బాబు నటిస్తున్న సినిమాకు అప్పటిదాకా పేరు లేదు. 'ఎస్ఎస్ఎంబీ 29' అనే లెక్కే పేరుగా చలామణీ అయింది. సూపర్‌స్టార్ మహేశ్‌బాబు 29వ సినిమా అని దాని అర్థం. ఆ రాత్రి భారీ తెర మీద 'వారణాసి' అన్న పేరు పడగానే ప్రాంగణం దద్దరిల్లింది.

అక్కడికి చేరేలోపు అభిమానులు దాటొచ్చిన దారి చూడండి. మహేశ్ 'గుంటూరు కారం' 2024 జనవరి 12న వచ్చింది. ఏడాది గడిచాక, 2025 జనవరిలో, బోనులో సింహం ముందు నిలబడి పాస్‌పోర్టు చూపిస్తూ రాజమౌళి చిన్న వీడియో పెట్టారు. హీరో ఇక ఎక్కడికీ కదలడని, షూటింగ్ మొదలైందని జనం అర్థం చేసుకున్నారు. ఆగస్టు 9న మహేశ్ పుట్టినరోజుకి ముఖం కూడా కనిపించని ఒక స్టిల్ వచ్చింది. మెడలో రుద్రాక్షలు, లాకెట్, అంతే. నవంబరులో పేరు. సినిమా విడుదల 2027లో. అంటే మూడేళ్ల ఎదురుచూపులో మొదటి రెండేళ్లలో చాలాకాలం చేతికి దొరికినవి ఒక వీడియో, ఒక ఫొటో. అయినా ఆ రెండింటి మీదే లక్షలమంది రోజులు గడిపారు. ఒక్కో ఫ్రేమునూ ఆపి చూశారు, వాదించుకున్నారు, కథలు అల్లుకున్నారు.

నవంబరు 15కి ఇంకో గుర్తు కూడా ఉంది. మహేశ్ తండ్రి, సూపర్‌స్టార్ కృష్ణ కన్నుమూసింది 2022లో అదే తేదీన. తండ్రి కోసం చొక్కాలు చించుకున్న తరానికీ, కొడుకు కోసం ఫోను చూసుకుంటూ కూర్చునే తరానికీ మధ్య మన సినిమా ఎంత మారిందో ఆ ఒక్క ఇంటిని చూస్తే తెలిసిపోతుంది.

ఏడాదికి పద్నాలుగు

కృష్ణ 350కి పైగా సినిమాలు చేశారు. 1972 ఒక్క ఏడాదిలోనే ఆయనవి పదిహేనుకు మించి విడుదలయ్యాయి. ఆనాటి అభిమానికి 'తర్వాతి సినిమా ఏంటి?' అని బెంగపడే తీరికే లేదు. ఊళ్లో ఒక హాల్లో ఒకటి ఆడుతుండగానే పక్క హాలు గోడ మీద ఇంకోదాని పోస్టరు పడేది.

చిరంజీవి తొలి రోజులూ అంతే. 1983 సంగతే తీసుకుంటే 'అభిలాష', 'పల్లెటూరి మొనగాడు', 'శివుడు శివుడు శివుడు', 'గూఢచారి నెం.1', 'మగమహారాజు', 'మంత్రిగారి వియ్యంకుడు', 'సంఘర్షణ'... ఆ ఏడాది మొత్తం 14 సినిమాలు. ఆయన దశ తిప్పిన 'ఖైదీ' కూడా ఆ పద్నాలుగింటిలోదే. అక్టోబరు 28న అది విడుదలయ్యేనాటికి, అదే పెద్ద మలుపవుతుందని ఎవరూ నెలల తరబడి ఊదరగొట్టలేదు. బొమ్మ పడింది, జనం చూశారు, హాళ్లు నిండాయి.

వార్తలు లేకనా? ఉండేవి. వాటికి సినిమా పత్రికలు ఉండేవి. 'విజయచిత్ర', 'సితార', 'జ్యోతిచిత్ర', 'శివరంజని' కోసం బడ్డీ కొట్టు దగ్గర కాచుక్కూర్చునేవాళ్లు. మధ్య పేజీలో రంగుల బొమ్మ ఉంటే పిన్నులు ఊడదీసి గోడకి అతికించేవాళ్లు. ప్రశ్నలు-జవాబులు శీర్షికకి పోస్టుకార్డు రాసి, తమ పేరు, ఊరి పేరు అచ్చులో చూసుకోవడానికి వారాలు ఎదురుచూసేవాళ్లు. ఒక వార్త కృష్ణా జిల్లా పల్లెకి చేరేసరికి అది పాతబడిపోయి ఉండేది. అయినా ఎవరికీ పట్టేది కాదు. కొత్త సినిమా ఎలాగూ వచ్చేస్తుంది కదా!

అప్పటి అభిమాని పనంతా హాలు చుట్టూ ఉండేది. డిజిటల్ రాకముందు సినిమా రీళ్ల పెట్టెల్లో వచ్చేది. ఊరివాళ్లకి దాని పేరు 'బాక్స్'. విడుదల ముందురోజు రాత్రి అభిమాన సంఘం కుర్రాళ్లంతా బస్టాండులోనో రైల్వే స్టేషన్లోనో మకాం. బాక్స్ దిగగానే దానికి పసుపు, కుంకుమ, పూలదండ. కొబ్బరికాయ కొట్టి, రిక్షా మీదో ట్రాక్టరు మీదో పెట్టి, డప్పులతో, బాణసంచాతో థియేటర్ దాకా ఊరేగింపు. బాక్స్ ఆలస్యమైతే ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చునేవాళ్లు. ప్రింట్లు తక్కువ కాబట్టి కొన్ని ఊళ్లకి మొదటి వారం బొమ్మే వచ్చేది కాదు. వచ్చాక లెక్కలు మొదలు. యాభై రోజులు ఎన్ని కేంద్రాల్లో, వంద రోజులు ఎన్ని కేంద్రాల్లో, డైరెక్టుగా ఎన్ని, షిఫ్టింగ్ మీద ఎన్ని. పేపర్లో వచ్చిన వంద రోజుల ప్రకటన కత్తిరించి దాచుకోవడం, అవతలి హీరో సంఘంవాళ్ల ముందు దాన్ని పరచి కూర్చోవడం ఆనాటి పౌరుషం.

నూట యాభై కోసం తొమ్మిదేళ్లు

ఎదురుచూపు అంటే ఏమిటో తెలుగు అభిమాని మొదటిసారి గట్టిగా చవిచూసింది చిరంజీవి విషయంలోనే. 2007 జులైలో 'శంకర్‌దాదా జిందాబాద్' వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టు 26న తిరుపతిలో ప్రజారాజ్యం పార్టీ. ఎన్నికలు, కాంగ్రెస్‌లో విలీనం, కేంద్రమంత్రి పదవి... ఏళ్లు దొర్లిపోయాయి. మధ్యలో 2009లో 'మగధీర'లో, 2015లో 'బ్రూస్‌లీ'లో కాసేపు కనిపించారు. ఆ కొద్ది నిమిషాల కోసమే టికెట్టు కొన్నవాళ్లున్నారు.

ఆ ఏళ్లన్నీ మెగా అభిమానుల నోట నానింది ఒకటే మాట, 'నూట యాభయ్యో సినిమా'. కథ ఎవరిది? దర్శకుడెవరు? పూరి జగన్నాథ్ 'ఆటోజానీ' అన్నారు, అది పక్కకు పోయింది. చివరికి తమిళ 'కత్తి'ని వి.వి.వినాయక్ తెలుగులో తీస్తున్నారన్నారు. ఒక్కో వార్తకీ ఒక్కో పండగ, ఆ వార్త వీగిపోయినప్పుడల్లా ఇంకో నిట్టూర్పు. 2017 జనవరి 11న సినిమా వచ్చింది. దాని పేరు గమనించండి: 'ఖైదీ నంబర్ 150'. ఇన్నేళ్లూ అభిమానులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్న అంకె సినిమా పేరులోకే ఎక్కింది. జనం ఎదురుచూపే ఒక సినిమాకి పేరైన సందర్భం తెలుగులో అంతకుముందు ఎప్పుడు చూశాం?

నాలుగు సినిమాలు, పన్నెండు తేదీలు

చిరంజీవి విరామానికి రాజకీయం కారణం. తర్వాతి తరం హీరోలకు మాత్రం సినిమాయే విరామమైంది. ఈ మార్పు ప్రభాస్ కెరీర్లో అద్దంలా కనిపిస్తుంది. 2002 నవంబరులో 'ఈశ్వర్'తో మొదలుపెట్టి 2013 ఫిబ్రవరిలో 'మిర్చి' వరకు, పదేళ్లలో 16 సినిమాలు. 2013 జులై 6న కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాళ్లలో 'బాహుబలి' షూటింగ్ మొదలైంది. అక్కణ్నుంచి 2024 జూన్‌లో 'కల్కి 2898 ఏడీ' దాకా, పదకొండేళ్లలో వచ్చినవి ఏడు. రెండు బాహుబలులు, 'సాహో', 'రాధేశ్యామ్', 'ఆదిపురుష్', 'సలార్', 'కల్కి'.

బాహుబలి ఎదురుచూపు తీపిది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్నని 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా మోసింది. ఆ రెండేళ్లూ అభిమానికి గర్వం, పండగ. ఆ తర్వాతి ఎదురుచూపు వేరే రకం. ఆ కథ చెప్పడానికి తేదీలు చాలు.

రాధేశ్యామ్: 2021 జులై 30 అన్నారు. 2022 జనవరి 14కి మారింది. మార్చి 11న వచ్చింది.

ఆదిపురుష్: 2022 ఆగస్టు 11 అన్నారు. 2023 జనవరి 12కి మారింది. జూన్ 16న వచ్చింది.

సలార్: 2022 ఏప్రిల్ 14 అన్నారు. 2023 సెప్టెంబరు 28కి మారింది. డిసెంబరు 22న వచ్చింది.

కల్కి 2898 ఏడీ: 2024 జనవరి 12 అన్నారు. మే 9కి మారింది. జూన్ 27న వచ్చింది.

ఒక్కో వాయిదా వెనక ఒక్కో కారణం. 'రాధేశ్యామ్'ని కరోనా దెబ్బతీసింది. 'ఆర్ఆర్ఆర్' కూడా 2020 జులై 30 నుంచి జరుగుతూ జరుగుతూ 2022 మార్చి 25కి గానీ రాలేకపోయింది. 'ఆదిపురుష్', 'సలార్' గ్రాఫిక్స్ పనుల దగ్గర ఆగాయి. 'కల్కి'కి మే 9 పెట్టడం వెనక వైజయంతీ మూవీస్ సెంటిమెంటు ఉంది. 'జగదేకవీరుడు అతిలోకసుందరి', 'మహానటి' వచ్చింది ఆ తేదీనే. కానీ 2024లో మే 13న రెండు రాష్ట్రాల్లో పోలింగ్. ఊరంతా ఎన్నికల హడావుడిలో ఉంటే సినిమా చూసేదెవరు?

ఈ కారణాల్లో అన్యాయమైనది ఒక్కటీ లేదు. గ్రాఫిక్స్ సరిగ్గా రాకుండా సినిమా వదిలితే మొదట బాధపడేది అభిమానే. వాళ్లు మనసు కష్టపెట్టుకున్నది ఆ సంగతి చెప్పిన తీరుకి. 'సలార్' సెప్టెంబరులో రాదన్న మాట అమెరికాలో అడ్వాన్స్ బుకింగ్ మొదలయ్యాక తెలిసింది. అప్పటికే కొందరు టికెట్లు కొనేశారు, సెలవులు అడిగేశారు. విడుదల తేదీ అంటే నిర్మాతకి ఒక ప్రకటన. అభిమానికి అది ఆఫీసులో పెట్టిన సెలవుచీటీ, బెంగళూరు నుంచి ఊరికి తీసుకున్న బస్సు టికెట్టు, స్నేహితులంతా ఒకేచోట కలుద్దామనుకున్న మాట. పరీక్షల తేదీ చూసుకుని 'హమ్మయ్య, అప్పటికి అయిపోతాయి' అనుకున్న ఇంటర్ కుర్రాడి ఊరట కూడా.

పోస్టరు చదివే చదువు

సినిమాలు తగ్గాయి కాబట్టి వార్తలో ప్రతి అక్షరమూ బంగారమైంది. ఇప్పుడు ఒక అప్‌డేట్ ఎలా వస్తుందో దగ్గరగా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ముందు 'త్వరలో ఒక కబురు' అని నిర్మాణ సంస్థ ఒక మాట వదులుతుంది. మర్నాడు 'రేపు ఉదయం 11.07కి' అంటూ ముహూర్తం చెబుతుంది. ఆ నిమిషానికి వచ్చేది ప్రీలుక్. అందులో ఒక చెయ్యో, వెనక నుంచి భుజమో. ఆ తర్వాత ఫస్ట్‌లుక్, గ్లింప్స్, టీజరు, మొదటి పాట ప్రోమో, పాట, ట్రైలరు, ప్రీరిలీజ్ వేడుక. ఒకప్పుడు పోస్టరు ఒక్కటే చేసే పనిని ఇప్పుడు పది మెట్లుగా కట్టారు. ప్రతి మెట్టు దగ్గరా అభిమాని ఆగి చూస్తాడు.

ఆ చూపు మామూలు చూపు కాదు. చొక్కా రంగుని బట్టి పాత్ర ఏ ప్రాంతంవాడో పట్టేస్తారు. వెనక గోడ మీద రాత చదివి కథ ఏ కాలానిదో చెబుతారు. ఛాయాగ్రాహకుడి పేరు మారితే కారణం ఆరా తీస్తారు. ఏ సంగీత దర్శకుడి చేతిలో ఎన్ని సినిమాలున్నాయో, పాటలు ఎప్పటికి పూర్తవుతాయో లెక్కగట్టి, ప్రకటించిన తేదీ నిలబడుతుందో లేదో ముందే తేల్చేస్తారు. చాలాసార్లు వాళ్ల అంచనాయే నిజమవుతుంది. విడుదలయ్యాక నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అంటూ ఏరియాలవారీగా షేరు ఎంత, బ్రేక్ ఈవెన్‌కి ఇంకెంత కావాలన్నది డిస్ట్రిబ్యూటర్ల కన్నా ముందు వాళ్ల దగ్గర ఉంటుంది.

ప్రభుత్వ ఉత్తర్వులు కూడా చదవడం నేర్చుకున్నారు. 2021 ఏప్రిల్‌లో 'వకీల్‌సాబ్' విడుదలైన రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో టికెట్ల ధరలపై జీవో 35 వచ్చింది. ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు పల్లెటూరి థియేటర్లో నేల టికెట్టు ఎంత, కార్పొరేషన్‌లో బాల్కనీ ఎంత అన్నది టీకొట్ల దగ్గర చర్చ. 2022 మార్చిలో కొత్త ఉత్తర్వు వచ్చేదాకా ఆ లెక్కలు నోటికొచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

'పనీపాటా లేనివాళ్లు' అని పెద్దలు కొట్టిపారేసేది ఇలాంటివాళ్లనే. కానీ ఒక విషయాన్ని ఇంత శ్రద్ధగా, ఇంత కాలం, ఒక్క రూపాయి ఆశించకుండా వెంటాడి నేర్చుకునేవాళ్లు ఇంకెక్కడ దొరుకుతారు? తెలుగు సినిమా చరిత్రలో చాలాభాగం అచ్చు పుస్తకాల్లో లేదు. వీళ్ల ఆల్బముల్లో, వీళ్ల జ్ఞాపకాల్లో ఉంది.

భక్తి ఉంది, నిలదీతా ఉంది

అభిమానిని గుడ్డి భక్తుడిగా చూడటం మనకి అలవాటు. తెలుగు అభిమాన సంఘాలను దగ్గరగా పరిశీలించిన సినిమా అధ్యయనకారుడు ఎస్.వి.శ్రీనివాస్ ఈ అలవాటుని ఎప్పుడో ప్రశ్నించారు. చిరంజీవి మీద 2009లో వచ్చిన తన 'మెగాస్టార్' పుస్తకానికి చాలాముందే, అభిమానుల చేష్టల్లో భక్తితోపాటు ధిక్కారమూ ఉంటుందని ఆయన రాశారు. హీరో తమ అంచనాలకు తగ్గట్టు ఉండాలని వాళ్లు పట్టుబడతారు, ఉండకపోతే నిలదీస్తారు.

2022 అక్టోబరు 2న అయోధ్యలో 'ఆదిపురుష్' టీజర్ విడుదలైనప్పుడు జరిగింది అదే. గ్రాఫిక్స్ బాలేవని మొదట గొంతెత్తినవాళ్లలో ప్రభాస్ అభిమానులే బోలెడంతమంది. దర్శకుడు అదనపు సమయం తీసుకుని సినిమాని జనవరి నుంచి జూన్‌కి జరిపారు. అంతకుముందు 'రాధేశ్యామ్' కబుర్లు రావడం లేదని నిర్మాణ సంస్థను సోషల్ మీడియాలో నిద్రలేపిందీ వాళ్లే. తమ హీరోని ఏమైనా అంటే ఊరుకోరు. తమ హీరో సినిమా బాగా రాకపోయినా ఊరుకోరు.

తీర్పు మార్చుకునే గుణం కూడా వాళ్లకుంది. 2022 ఆగస్టు 9న 'పోకిరి' ప్రత్యేక ప్రదర్శనలతో పాత సినిమాల రీరిలీజ్‌లు ఊపందుకున్నాయి. హిట్లు ఆడటంలో వింత లేదు. 2010లో థియేటర్లలో నిలవని 'ఆరెంజ్' 2023 మార్చిలో రామ్‌చరణ్ పుట్టినరోజుకి మళ్లీ వేస్తే హాళ్లు నిండిపోయాయి. అదే 2010లో బోల్తాపడ్డ 'ఖలేజా' 2025 మేలో వచ్చినప్పుడు ప్రతి డైలాగునీ ప్రేక్షకులే తెర కన్నా ముందు పలికారు. వ్యాపారం వదిలేసిన సినిమాలను టీవీలో మళ్లీ మళ్లీ చూసి నిలబెట్టుకున్నది వీళ్లే.

కబురు లేని హీరోలు

అప్‌డేట్ అంటే అందరికీ పండగ కాదు. 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర సాయిధరమ్ తేజ్ బైకు ప్రమాదానికి గురైనప్పుడు అభిమానులు వెతికింది ఆసుపత్రి బులెటిన్ల కోసం. 2023 ఏప్రిల్‌లో 'విరూపాక్ష'తో ఆయన తెర మీదికొచ్చినప్పుడు హాల్లో వినిపించిన ఈలల్లో మనిషి బతికి బయటపడ్డాడన్న ఆనందమే ఎక్కువ. సమంత 2022 అక్టోబరులో తనకి మయోసైటిస్ ఉందని స్వయంగా చెప్పినప్పుడు, 'ముందు ఆరోగ్యం చూసుకో అక్కా, సినిమాలు తర్వాత' అన్నవాళ్లే అందరూ.

ఇంకా కష్టమైనది, ఏ కబురూ రాని హీరో అభిమానిగా ఉండటం. ఉదయ్‌కిరణ్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. 'చిత్రం', 'నువ్వు నేను', 'మనసంతా నువ్వే' వరసగా హిట్టయిన కుర్రాడు. కాలేజీ గోడల మీద ఆ ముఖమే. ఆ తర్వాత అవకాశాలు తగ్గాయి, వార్తలు తగ్గాయి. 2014 జనవరి 5న 33 ఏళ్లకే వెళ్లిపోయాడు. పత్రికల్లో అతని గురించి ఏళ్ల తర్వాత మొదటి పేజీలో వచ్చిన వార్త అది. ఆ ఏళ్లలో 'ఉదయ్ కొత్త సినిమా ఏంటి?' అని అడిగినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆ అడగడం అతని చెవిన పడే దారి అప్పట్లో లేదు.

మౌనం విడిచి వచ్చినవాళ్లూ ఉన్నారు. 'స్వయంవరం' వేణు 2022లో 'రామారావు ఆన్ డ్యూటీ'లో కనిపించారు. 2017 తర్వాత తెరకి దూరమైన మంచు మనోజ్ 2025లో 'భైరవం', 'మిరాయ్' చేశారు. పేరు పడగానే చప్పట్లు కొట్టినవాళ్లు ఆ నిశ్శబ్దపు ఏళ్లంతా వాళ్లని మనసులో ఉంచుకున్నవాళ్లే. పెద్ద హీరో వెనక నిలబడటానికి గుంపు చాలు. ఖాళీగా ఉన్న నటుడి వెనక నిలబడటానికి ప్రేమ కావాలి.

ఊరు దాటిన అభిమానం

ఇప్పుడు ఈ ఎదురుచూపుకి సరిహద్దుల్లేవు. డాలస్‌లో, న్యూజెర్సీలో ప్రీమియర్ మన కన్నా ముందు పడుతుంది. అక్కడి టాక్ కోసం ఇక్కడ తెల్లవార్లూ మేలుకుంటారు. 2023 మార్చిలో 'నాటు నాటు' ఆస్కార్ గెలిచిన రోజుల్లో న్యూజెర్సీలో అభిమానులు టెస్లా కార్లను వరసగా నిలిపి, పాటకు తగ్గట్టు లైట్లు వెలిగించారు. 2022 అక్టోబరు 21న జపాన్‌లో విడుదలైన 'ఆర్ఆర్ఆర్', అక్కడ రజనీకాంత్ 'ముత్తు' 1998 నుంచి నిలుపుకున్న రికార్డుని దాటింది. ఆ సినిమా చూశాకే తెలుగు నేర్చుకున్నానని ఒక జపాన్ అభిమాని తెలుగులోనే తనతో చెప్పిన వీడియోని ఎన్టీఆర్ 2025 మార్చిలో పంచుకున్నారు. అమలాపురం కుర్రాడూ, టోక్యో అమ్మాయీ ఒకే పోస్టరు కోసం ఒకే నిమిషానికి ఫోను తెరుస్తున్న రోజులివి.

నిజం చెప్పేవాళ్లు కావాలి

ఇంతమంది చూస్తున్నారు కాబట్టే వదంతులకీ గిరాకీ. నకిలీ పోస్టర్లు, దొంగిలించిన షూటింగ్ ఫొటోలు, 'మా సమాచారం మేరకు' అంటూ పుట్టించే కథలు. ఉదయం ఒక హీరో సినిమా ఆగిపోయిందంటారు, సాయంత్రం ఆగలేదంటారు. మధ్యలో ఇద్దరు హీరోల అభిమానులు నోటికొచ్చినట్టు తిట్టుకుంటారు. ఇంట్లో ఆడవాళ్లని కూడా లాగే ఆ బూతులు ఏ అభిమానానికీ తగవు.

ఇలాంటప్పుడు బి.ఎ.రాజు గుర్తొస్తారు. పీఆర్వోగా, 'సూపర్‌హిట్' పత్రిక సంపాదకుడిగా దశాబ్దాలపాటు పరిశ్రమకీ ప్రేక్షకుడికీ మధ్య నిలబడ్డ మనిషి. ఏ సినిమా ఏ తేదీన వచ్చింది, ఎన్ని రోజులు ఆడిందన్నది ఆయన చెబితే అభిమానులకి అదే ఖరారు. 2021 మే 21న ఆయన పోయినప్పుడు అన్ని వర్గాల అభిమానులూ ఒకేలా బాధపడ్డారు. అంత నమ్మకంగా మాట చెప్పే గొంతు కోసం వాళ్లు ఇప్పటికీ వెతుక్కుంటున్నారు.

ఫ్లెక్సీ కోసం ప్రాణాలా?

ఈ కథనంలో రాయక తప్పని పేజీ ఇది. 2020 సెప్టెంబరులో పవన్ కల్యాణ్ పుట్టినరోజు ముందురాత్రి చిత్తూరు జిల్లా శాంతిపురంలో బ్యానర్ కడుతూ ముగ్గురు కుర్రాళ్లు కరెంటు షాకుతో చనిపోయారు. 2023 జులైలో నరసరావుపేట దగ్గర సూర్య పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు విద్యార్థులు అలాగే పోయారు. 2022 అక్టోబరులో తాడేపల్లిగూడెంలో 'బిల్లా' ప్రత్యేక ప్రదర్శనలో హాల్లోనే టపాసులు కాల్చడంతో మంటలు లేచాయి. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్‌కి కుటుంబంతో వచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో కన్నుమూసింది. ఆమె పసివాడు చావుబతుకుల మధ్య పోరాడాడు. నెల తిరిగేసరికి, 2025 జనవరిలో, రాజమహేంద్రవరం దగ్గర 'గేమ్ ఛేంజర్' వేడుక చూసి ఇంటికెళ్తూ ఇద్దరు యువకులు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు.

ఏ సినిమా వార్తా ఈ ఇళ్లకి పండగ తేలేదు. తలకి మించిన ఎత్తులో ఇనుప చట్రం, పైన హైటెన్షన్ తీగ, కింద అర్ధరాత్రి హడావుడి. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ప్రతి సంఘానికీ తెలుసు. తెలిసీ కడుతున్నారు. ఇది ఆపాల్సింది ముందుగా సంఘాల పెద్దలే. ఆ తర్వాత హీరోలు. పుట్టినరోజుకి వారం ముందే, సంతాపం చెప్పే అవసరం రాకముందే, 'తమ్ముళ్లూ, కటౌట్ వద్దు' అని సూటిగా చెప్పాలి.

ఎందుకంటే ఈ కుర్రాళ్లు మంచి దారి చూపిస్తే ఎంత దూరమైనా వెళ్తారు. 1998 అక్టోబరు 2న మొదలైన చిరంజీవి బ్లడ్ బ్యాంకు నిలబడింది వాళ్ల చేతి నరం మీదే. 2021 మేలో కరోనా రెండో దెబ్బకి ఊపిరాడక జనం అల్లాడుతున్నప్పుడు, జిల్లాల్లో ఆక్సిజన్ బ్యాంకులు నడిపి, సిలిండర్లు మోసింది అభిమాన సంఘాలవాళ్లే. ఆ రోజు వాళ్లు అప్‌డేట్ అడగలేదు. ఎవరింటికి సిలిండర్ కావాలో అడిగారు.

దక్కాల్సింది

ఇంత ఇచ్చినవాళ్లకి పరిశ్రమ ఇవ్వాల్సింది పెద్దదేమీ కాదు. షూటింగ్ పూర్తయి, గ్రాఫిక్స్ ఎప్పటికి చేతికొస్తాయో తేలాకే తేదీ ప్రకటించాలి. వాయిదా తప్పకపోతే బుకింగ్ తెరవకముందే చెప్పాలి, కారణంతో సహా చెప్పాలి. ఏ సినిమా ఆగిందో, ఏది నడుస్తోందో నిర్మాణ సంస్థే నోరు విప్పితే వదంతుల దుకాణాలు వాటంతటవే మూతపడతాయి. వేడుక పెడితే వచ్చినవాళ్లు క్షేమంగా ఇంటికి చేరే ఏర్పాటు కూడా అందులో భాగం కావాలి.

హీరోలు ఏడాదికి పద్నాలుగు సినిమాలు చేసే రోజులు ఇక రావు. అభిమానులకీ ఆ సంగతి తెలుసు. మూడేళ్లు ఆగమంటే ఆగుతారు, మంచి సినిమా కోసం ఇంకో ఆరు నెలలూ ఆగుతారు. ఆగమన్న మాట మాత్రం వాళ్లకి అందరికన్నా ముందు, నేరుగా చెప్పాలి. టికెట్టు డబ్బులతో పరిశ్రమను నిలబెట్టేది వాళ్లు. ఆ మాట అడిగే హక్కు వాళ్లకుంది.